రాత్రికి రాత్రే రీస్టార్ట్ అయిపోతున్న కంప్యూటర్: ఆపేయాలా, అదుపులో పెట్టాలా?

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంటాను. పెళ్లి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఆహ్వానాలు, కరపత్రాలు. పగలంతా ఇంటి పనితోనే సరిపోతుంది కాబట్టి పిల్లలు పడుకున్నాక రాత్రి పదింటి నుంచి ఒంటిగంట, ఒక్కోసారి రెండింటిదాకా కూర్చుంటాను. మామూలుగా పని అవ్వగానే షట్‌డౌన్ చేస్తాను. పోయిన నెల ఒక్కరోజు మాత్రం పెళ్లి కార్డు మ్యాటరంతా కొట్టి, ప్రూఫ్ పొద్దున్నే చూద్దాంలే అని మానిటర్ ఒక్కటే ఆపి పడుకున్నాను. లేచేసరికి పాస్‌వర్డ్ అడుగుతోంది, ఫైళ్లన్నీ మూసుకుపోయాయి, సగం మ్యాటర్ లేదు. వీధి చివర కంప్యూటర్ షాపు అబ్బాయి "అప్‌డేట్ సర్వీసే ఆపేస్తానక్కా, పీడ విరగడవుతుంది" అంటున్నాడు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు ఆపొద్దంటాడు, ఎందుకని అడిగితే మాత్రం చెప్పడు. అసలు రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నా మళ్లీ రీస్టార్ట్ చేయమని ఎందుకు అడుగుతుంది? మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ పాడైపోతుందా? నాది డెస్క్‌టాప్, విండోస్ 11, ఇంటికి ఇన్వర్టర్ ఉంది. మా ఆయన వాడే పాత కంప్యూటర్‌లో ఇంకా విండోస్ 10 ఉంది. (తెనాలి పాఠకురాలు, పేరు వేయొద్దన్నారు)

సమాధానం: షాపు అబ్బాయిని ఆ సర్వీసు జోలికి వెళ్లనివ్వకండి. ముందు ఆ మాట చెప్పి మిగతాది మొదలుపెడతాను, ఎందుకంటే ఈ సమాధానం మీరు చదివేలోపు ఆయన వచ్చి ఆ పని కానిచ్చేసే ప్రమాదం ఉంది. మీ సమస్యకు మందు సెట్టింగ్స్‌లోనే ఉంది, పది నిమిషాల పని, ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

అయితే ఆ రాత్రి మీ సిస్టమ్‌ను రీస్టార్ట్ చేసింది అప్‌డేటేనా, లేక కరెంటు పోయి వచ్చిందా అన్నది ముందు తేల్చుకోవాలి. మీరు నిద్రలో ఉన్నారు, చూసినవాళ్లు లేరు. రెండింటిలో ఏది జరిగినా పొద్దున్నే కనిపించేది అదే పాస్‌వర్డ్ స్క్రీన్. కానీ విండోస్ అన్నీ రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి, వచ్చినదాన్ని తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్ అని ఉంటుంది, దాని కింద సిస్టమ్. అది నొక్కితే మధ్యలో చాంతాడంత పట్టిక వస్తుంది, అందులో ఎర్రగుర్తులూ పసుపు గుర్తులూ బోలెడు ఉంటాయి, వాటిని చూసి కంగారు పడకండి, బాగున్న సిస్టమ్‌లోనూ అవి ఉంటాయి. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీలు అడిగే గడిలో 1074, 41, 6008 అని కామాలు పెట్టి కొట్టండి. ఇప్పుడు ఆ తారీకు వెతకండి. ఆ రాత్రి టైముకు 1074 ఉంటే ఏదో ఒక ప్రోగ్రామ్ పద్ధతి ప్రకారం రీస్టార్ట్ చేసిందని అర్థం, దాని మీద నొక్కితే ఆ ప్రోగ్రామ్ పేరు కూడా కనబడుతుంది. ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనో, చివర కోర్‌వర్కర్ అని ఉండే పొడుగాటి పేరో ఉంటే అది అప్‌డేట్ పనే. అలా కాకుండా 41 గానీ 6008 గానీ ఉండి 1074 లేకపోతే సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోయిందన్నమాట, అంటే చాలావరకు కరెంటో, ఇన్వర్టరో, సీపీయూలో ఉండే పవర్ సప్లై డబ్బానో అయ్యుంటుంది. అప్పుడు అప్‌డేట్లను తిట్టి లాభం లేదు.

ఇన్వర్టర్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ఇళ్లలో వాడే ఇన్వర్టర్లలో చాలావాటికి వెనకో పక్కనో ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు యూపీఎస్ అని, రెండోవైపు నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీదకు మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఫ్యాన్‌కూ లైటుకూ ఆ తేడా తెలియదు గానీ డెస్క్‌టాప్ ఆ రెప్పపాటు ఆగలేక రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ వైపు పెడితే ఆ మార్పు త్వరగా జరుగుతుంది. కొనేటప్పుడు పెట్టిన స్విచ్‌ను మళ్లీ ఎవరూ చూడరు. ఒకసారి చూసుకోండి.

సరే, మీరు రాసిన తీరు చూస్తే మాత్రం ఇది అప్‌డేటే అని నాకు అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను.

మైక్రోసాఫ్ట్ వాళ్లు 2003 అక్టోబర్ నుంచి ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతారు. వదిలేది అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు. మనకు అది అదే మంగళవారం రాత్రి పదిన్నర, వాళ్లు చలికాలంలో గడియారం వెనక్కి తిప్పుకున్నప్పుడు పదకొండున్నర. అంటే మీరు పిల్లల్ని పడుకోబెట్టి కుర్చీలో కూర్చునే వేళకి అక్కడినుంచి సరుకు బయల్దేరుతుందన్నమాట! ఇక ఆ రాత్రో మర్నాడో మీ సిస్టమ్ దాన్ని దించుకుని, లోపల లోపలే ఇన్‌స్టాల్ చేసుకుని, రీస్టార్ట్ ఎప్పుడు చేద్దామా అని చూస్తూ ఉంటుంది. మీ ఫైలు పోయిన తారీకు క్యాలెండర్‌లో చూడండి, రెండో మంగళవారం తర్వాత వచ్చిన రోజుల్లో పడితే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎప్పుడు చేద్దామా అని చూడటానికి దానికి ఒక లెక్క ఉంది. యాక్టివ్ అవర్స్ అంటారు. "ఈ గంటల్లో మనిషి పనిలో ఉంటారు, ముట్టుకోకూడదు" అని విండోస్ పెట్టుకున్న గీత. 2016లో విండోస్ 10తో మొదలైంది ఇది. చేత్తో మార్చుకునే పద్ధతిలో మామూలుగా ఉండేది ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా, అంటే ఆఫీసు ఉద్యోగి లెక్క. మీరు పని చేసేది అర్ధరాత్రి. మీ సిస్టమ్‌లో ఆ లెక్కే ఉండిపోయి ఉంటే మీకు మంచి పని వేళ దాని దృష్టిలో ఖాళీ వేళ. మీరు నడిపే తీరును గమనించి తనే గంటలు సర్దుకునే ఏర్పాటు ఒకటి 2019లో తెచ్చారు గానీ, ఒకరోజు పగలు వాడి ఇంకోరోజు అర్ధరాత్రి వాడే ఇళ్లల్లో దాని అంచనాను నేను నమ్మను. గంటలు మీరే పెట్టండి.

సెట్టింగ్స్ తెరిచి, ఎడమవైపు అట్టడుగున ఉండే విండోస్ అప్‌డేట్ నొక్కండి, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యాక్టివ్ అవర్స్. పక్కనున్న బాణం నొక్కితే ఆటోమేటిక్ అని కనిపిస్తుంది, దాన్ని మాన్యువల్‌గా మార్చగానే రెండు గడులు వస్తాయి. మొదటిదాంట్లో ఉదయం 8, రెండోదాంట్లో రాత్రి 2 పెట్టండి. దీనికి పద్దెనిమిది గంటలు గరిష్ఠం, మీరు పెట్టింది సరిగ్గా పద్దెనిమిది. ఇరవైనాలుగూ పెట్టేద్దామంటే ఒప్పుకోదు. ఆ పేజీలోనే, రీస్టార్ట్ అవసరమైనప్పుడు నాకు చెప్పు అనే అర్థం వచ్చే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. అదే చోట గెట్ మీ అప్ టు డేట్ అని ఇంకొకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే యాక్టివ్ అవర్స్ అని కూడా చూడకుండా వీలైనంత తొందరగా రీస్టార్ట్ చేసేస్తుంది, అది ఆఫ్‌లోనే ఉండాలి. ఒక పేజీ వెనక్కి వస్తే, కొత్త అప్‌డేట్లు రాగానే అందరికంటే ముందు నాకే ఇవ్వు అనే మీట కూడా ఉంటుంది. అదీ ఆఫ్. నెలాఖరులో వచ్చే ప్రివ్యూ అప్‌డేట్లు, కొత్త సోకులు దాని ద్వారానే ముందుగా వస్తాయి, చేతినిండా పని ఉన్న సిస్టమ్‌కి ఆ ఉబలాటం దేనికి?

ఇంత చేసినా రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా దానికి ఖాళీ ఉంది కదా. ఆ రాత్రిలా ఫైళ్లు తెరిచిపెట్టి మానిటర్ మాత్రం ఆపి పడుకుంటే మళ్లీ అదే జరుగుతుంది. మానిటర్ ఆపడం అంటే అద్దం మీద గుడ్డ కప్పడమే, లోపల సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది. స్లీప్‌లో పెడతానంటారా, కొన్ని సిస్టమ్‌లు స్లీప్‌లోంచి కూడా అర్ధరాత్రి తమంతట తామే లేచి అప్‌డేట్ పని చేసుకుంటాయి. చీకట్లో సీపీయూ ఫ్యాను చప్పుడు విని ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడటం ఇందుకే. దానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ అని వెళ్లి, స్లీప్ అనే మాట పక్కనున్న ప్లస్ నొక్కితే అలౌ వేక్ టైమర్స్ అని వస్తుంది. దాన్ని డిజేబుల్ చేస్తే లేవదు.

ఇప్పుడు మీ తమ్ముడు చెప్పని సంగతి. ఈ రీస్టార్ట్ ఎందుకు, అప్‌డేట్ చేసుకుని ఊరుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పందిట్లో జనం కూర్చుని భోజనాలు చేస్తుండగా కింద తివాచీ మార్చలేం కదా, అలాగే విండోస్ నడుస్తున్నప్పుడు దాని అసలు ఫైళ్లు వాడకంలో ఉంటాయి, వాటి స్థానంలో కొత్తవి పెట్టడం కుదరదు. అందుకని కొత్త ఫైళ్లు ఒక పక్కన సిద్ధంగా పెట్టుకుని, సిస్టమ్ ఆగి మళ్లీ లేచేటప్పుడు, ఇంకా ఏదీ మొదలవ్వకముందు, మార్చేస్తుంది. స్క్రీన్ మీద 30 శాతం, 70 శాతం అంటూ తిరిగేది ఆ పనే. రీస్టార్ట్ లేకుండా నడుస్తూనే మార్చుకునే హాట్‌ప్యాచ్ అనే పద్ధతి 2025లో విండోస్ 11కి వచ్చింది గానీ అది పెద్ద కంపెనీలు వాడే ఎంటర్‌ప్రైజ్ రకానికి, దానికి కూడా మూడు నెలలకోసారి రీస్టార్ట్ తప్పదు. మన హోమ్ ఎడిషన్‌కు లేదు.

అప్‌డేట్ ఆపేస్తే ఏమవుతుందంటే 2017 సంగతి చెప్పాలి. ఆ ఏడు మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి మరమ్మతు వదిలింది. మే 12న అదే లోపం మీదుగా వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు కడితేనే తీస్తానంది. రెండు నెలల వ్యవధి ఉండి కూడా అప్‌డేట్ చేయనివాళ్లు, మరీ పాత విండోస్ వాడుతున్నవాళ్లు దొరికిపోయారు. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించిపోయాయని పేపర్లన్నీ రాశాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఒక్క క్లిక్ కూడా చేయక్కర్లేకుండా ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కి పాకింది అది. మీ దగ్గర ఏమున్నాయి? ఏళ్ల తరబడి చేసిన కార్డుల డిజైన్లు, కస్టమర్ల ఫొటోలు, వాళ్ల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు. పైగా మీ పనిలో రోజూ ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చుతారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ఇంకో తమాషా, షాపు అబ్బాయి ఆ సర్వీసు ఆపినా అది చాలాసార్లు ఆగి ఉండదు. విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఇంకొకటి ఉంది, దాని పనే చెడిపోయిన, ఆపేసిన అప్‌డేట్ ఏర్పాట్లను మళ్లీ బాగుచేయడం. దాన్నీ ఆపడానికి రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో, వేళ్లు పెడతారు, లేదంటే ఇంటర్నెట్‌లో దొరికే ఏదో టూల్ వేస్తారు, ఆ టూల్ తనతో ఇంకేం తెస్తుందో వేసినవాళ్లకీ తెలియదు. ఒకవేళ ఇప్పటికే ఆపేసి ఉంటే, స్టార్ట్‌లో సర్వీసెస్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, పట్టికలో విండోస్ అప్‌డేట్ మీద డబుల్ క్లిక్ చేసి, స్టార్టప్ టైప్ డిజేబుల్డ్ అని ఉంటే మాన్యువల్ చేయండి. అది అక్కడ ఉండాల్సింది మాన్యువల్‌గానే. టూల్ ఏదైనా వేసి ఉంటే దాన్ని తీసేయమనండి.

వాయిదా వేసుకోవడం మాత్రం మీ హక్కు, అది చక్కగా వాడుకోండి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే పాజ్ అప్‌డేట్స్ అని ఉంటుంది, ఒక వారం నుంచి అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నప్పుడు, అర్జెంటు కార్డులు నెత్తిమీద ఉన్నప్పుడు రెండో మంగళవారం వస్తోందంటే ముందే ఒక వారం పాజ్ కొట్టండి, ఆ వారం రోజులూ పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, ప్రింటర్ ఏవీ కదలవు, టెన్షన్ ఉండదు. డీటీపీ వాళ్లకు అప్‌డేట్ అంటే ఉన్న భయంలో సగం రీస్టార్ట్ గురించి కాదు, పొద్దున్నే లేచేసరికి కీబోర్డ్ లేఅవుట్ మారిపోయి అక్షరాలు డబ్బాలుగా వస్తాయేమోనని, ప్రింటర్ కనబడదేమోనని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే పని లేని రోజు చూసి చేసుకోమంటున్నాను. చేశాక ఏదైనా తేడా వస్తే అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ద్వారా నెలవారీ అప్‌డేట్‌ను వెనక్కి తీయొచ్చు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పు అయితే పాతదానికి వెళ్లడానికి మామూలుగా పది రోజులే గడువు, అందుకని పెద్దది వచ్చాక ఒక పాత కార్డు ఫైలు తెరిచి, ఒక ప్రింటు తీసి చూసుకోవడం ఆ వారంలోనే చేయండి. పాజ్ గడువు అయిపోయాక మళ్లీ పాజ్ చేయాలంటే ఒకసారి అప్‌డేట్ చేసుకోక తప్పదు, అది గుర్తుంచుకోండి.

నేనైతే మీకు చెప్పేది, దాన్ని రమ్మనకుండానే వచ్చే చుట్టంగా ఉంచకండి, మీరే పిలిచి కూర్చోబెట్టండి. రెండో మంగళవారం తర్వాత ఒక మూడు నాలుగు రోజులు ఆగి (ఆ అప్‌డేట్‌లోనే ఏదైనా పెద్ద లోపం ఉంటే ఈ లోపు లోకం అరుస్తుంది), ఆ శనివారమో ఆదివారమో మధ్యాహ్నం వంటపని మొదలుపెట్టే ముందు ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేసి, చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కి, రీస్టార్ట్ నౌ కొట్టి వంటింట్లోకి వెళ్లిపోండి. మళ్లీ నెలదాకా పెద్దగా గొడవ ఉండదు. అప్పుడు కుదరదంటే రీస్టార్ట్ బటన్ పక్కన షెడ్యూల్ చేసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది, ఏ రోజు, ఏ గంటకు అన్నది మీరే పెట్టొచ్చు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఈ పెట్టె పది నిమిషాలకోసారి వచ్చి మీద పడేది, "తర్వాత" అని కొట్టీ కొట్టీ ఒకసారి చెయ్యి జారి "ఇప్పుడే" మీద పడేది. అప్పటితో పోలిస్తే ఇప్పుడు చాలా నయం.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను కదా అన్నారు. ఇది మంచి ప్రశ్న. ఇప్పటి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, చాలా సిస్టమ్‌లలో మొదటినుంచీ ఆన్‌లోనే వస్తుంది. మర్నాడు త్వరగా లేవడానికని, మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రామ్‌లు మూసేస్తుంది గానీ విండోస్ అసలు గుండెకాయను ఉన్నదున్నట్టు డిస్క్‌లో దాచిపెట్టి, మర్నాడు దాన్నే తీసి నడుపుతుంది. అందుకే షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కావు. నమ్మకపోతే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద సీపీయూ నొక్కి అప్‌టైమ్ అనే అంకె చూడండి, రోజూ ఆపుతున్న సిస్టమ్ కూడా ఎన్నో రోజులుగా నడుస్తున్నట్టు చూపిస్తుంది. అప్‌డేట్ కాచుకుని ఉన్నప్పుడు పవర్ బటన్ మెనూలో అప్‌డేట్ అండ్ షట్‌డౌన్, అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ అని రెండు అదనంగా వస్తాయి, పక్కన నారింజ రంగు చుక్క ఉంటుంది. అప్పుడు మామూలు షట్‌డౌన్ కొడితే అప్‌డేట్ అలాగే ఉండిపోయి మర్నాడు మళ్లీ అడుగుతుంది. రాత్రి పని అయ్యాక అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ కొట్టి పడుకోవచ్చు. ఇది కొట్టినా ఆగకుండా రీస్టార్ట్ అయి తెల్లారేదాకా నడుస్తూ ఉండే రోగం ఒకటి చాలాకాలం ఉండేది, 2025 చివర్లో వచ్చిన అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. సరిచేసింది కూడా అప్‌డేటే అని మీ షాపు అబ్బాయికి చెప్పండి.

కరెంటు భయం గురించి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ప్రతిసారీ సిస్టమ్ పోతుందనేది ఒట్టిమాట. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే ఎక్కువసార్లు అది ఆగినచోటు నుంచి సాగుతుంది, లేదంటే చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పి పాత స్థితికి వచ్చేస్తుంది. అసలు ప్రమాదం మన చేతుల్లో ఉంది. 30 శాతం దగ్గర అంకె కదలకుండా అరగంట నిలబడితే ఓపిక నశించి పవర్ బటన్ నొక్కిపట్టుకుంటారు చూడండి, అది చేయకూడదు. అంకె నిలబడినా సీపీయూ మీద చిన్న లైటు మినుకు మినుకుమంటోందంటే లోపల పని జరుగుతోందని. పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్‌లో గంట పట్టినా వింత కాదు. గంటలు గడిచినా లైటూ కదలక, అంకే కదలకపోతే అప్పుడు ఆపి ఆన్ చేయండి. వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ తనే మరమ్మతు స్క్రీన్‌కి తీసుకెళ్తుంది, అందులో ట్రబుల్‌షూట్ కింద ఆఖరి అప్‌డేట్‌ను తీసేసే మార్గం ఉంటుంది.

ఆ మరమ్మతు స్క్రీన్ దాకా వెళ్లినప్పుడు గానీ, అరుదుగా అప్‌డేట్ తర్వాత గానీ కొన్ని సిస్టమ్‌లు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన కొత్త సిస్టమ్‌లలో డిస్క్‌కు ఈ తాళం మీకు తెలియకుండానే పడి ఉండొచ్చు, కీ మాత్రం మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఇవాళే ఆ ఖాతాలోకి వెళ్లి, ఉంటే చూసి, లెక్కల పుస్తకంలో రాసిపెట్టుకోండి. సిస్టమ్ కొన్నప్పుడు షాపువాళ్లు వాళ్ల ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే ఇంకా ముఖ్యం. ఎవరి ఖాతానో కనుక్కుని ముందు మీది పెట్టించుకోండి.

ఇక పోయిన మ్యాటర్. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కొట్టి ఉంటే ఆశ ఉంది, ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్ కింద సేవ్ చేయనివి తిరిగి తెచ్చుకునే చోటు ఉంటుంది, ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి దాస్తుంది, దాన్ని రెండు నిమిషాలు చేసుకోండి. పేజ్‌మేకర్‌లో అయితే పేజీ మారినప్పుడు, పేజీ కలిపినప్పుడు, ప్రింటు ఇచ్చినప్పుడు అది మినీసేవ్ చేసుకుంటుంది, అంటే అప్పటిదాకా చేసిన పనిని తనే దాచుకుంటుంది, మీరు పేరు పెట్టి ఒకసారి సేవ్ చేసిన ఫైలైతే ఠక్కున ఆగిపోయాక తెరిచినా ఆ ఆఖరి మినీసేవ్ దాకా వస్తుంది. కానీ పెళ్లి కార్డులో మీరు ఒకే పేజీ మీద గంటన్నర కూర్చుంటారు. శుభముహూర్తం దగ్గర మొదలుపెట్టి, వరుడి వైపు తాతగార్ల పేర్లు, డిగ్రీలు, విందు వేళ, బంధుమిత్రుల అభినందనలదాకా పేజీ మారదు. మినీసేవ్ అవకాశమే రాదు. మ్యాటర్ మొదటి అక్షరం కొట్టకముందే ఫైలుకు పేరు పెట్టి సేవ్ చేయండి, తర్వాత ప్రతి పేరా అయ్యాక కంట్రోల్ ఎస్. ఫోన్ మోగినా కంట్రోల్ ఎస్, పిల్లాడు లేచి ఏడ్చినా కంట్రోల్ ఎస్. అప్‌డేట్ మీద ఎంత కోపం వచ్చినా, ఆ రాత్రి ఇన్వర్టర్ చార్జింగ్ అయిపోయినా మీ మ్యాటర్ పోయేదే కదా.

రీస్టార్ట్ అడిగేవన్నీ విండోస్‌వి కావు. క్రోమ్‌లో పైన కుడిమూల అప్‌డేట్ అని వస్తే అది బ్రౌజర్‌ను మూసి తెరవడమే, ట్యాబులు మళ్లీ వచ్చేస్తాయి, కంప్యూటర్‌ను ఆపక్కర్లేదు. ఏదో వెబ్‌సైట్ చూస్తుండగా స్క్రీన్ నిండా "మీ విండోస్ పాతబడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వస్తే అది దొంగది. నిజమైన విండోస్ అప్‌డేట్ ఎప్పుడూ ఫోన్ నంబరు ఇవ్వదు. అచ్చం అప్‌డేట్ స్క్రీన్‌లాగే నీలంగా చూపించి, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమనే మోసం కొత్తగా తిరుగుతోంది. అది నిజమో కాదో తేల్చుకోవడానికి ఎఫ్11 నొక్కండి, లేదా ఆల్ట్ పట్టుకుని ఎఫ్4 కొట్టండి, దొంగది అయితే చాలావరకు బ్రౌజర్ బయటపడుతుంది. దేన్నీ పేస్ట్ చేయొద్దు. డబ్బు పోయిన పరిస్థితి వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మీ ఆయన కంప్యూటర్‌లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంట్లో రీస్టార్ట్ గొడవ తగ్గిందని మీరిద్దరూ సంతోషించి ఉంటారు, తగ్గింది అందుకే. ఇళ్లలో వాడేవాళ్లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ అనే పథకం పెట్టారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ముందు అందులో చేర్చండి. ఆ సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందా లేదా అన్నది పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ వారి యాప్‌తో చూసుకోండి, పనికి రాదంటే దాంట్లో బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి, మీ డిజైన్ల కాపీ కూడా అందులో కాకుండా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోండి, కాపీ అవ్వగానే తీగ పీకేయండి.